టీ20 అంటే క్రికెట్ కాదు: పారా క్రీడల స్కోర్‌బోర్డు చదవడం ఎలా

2024 సెప్టెంబర్ 3, రాత్రి. పారిస్‌లో మహిళల 400 మీటర్ల ఫైనల్ మొదలవబోతోంది. మా మామయ్య పక్కన కూర్చుని నా ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాడు. స్క్రీన్ మీద దీప్తి జీవాంజి పేరు, దాని పక్కన టీ20 అని పడింది. "ఇదేంట్రా, క్రికెట్ పెట్టావా?" అన్నాడు. కాదు మామయ్యా, పారాలింపిక్స్, మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి అన్నాను. కాసేపు చూశాడు. "మరి ఆ పిల్లకి ఏమైంది? కాళ్లూ చేతులూ బానే ఉన్నాయి, లేడిపిల్లలా పరిగెడుతోంది" అన్నాడు. దీప్తి 55.82 సెకన్లలో వచ్చి కాంస్యం గెలిచింది, మేం అరిచిన అరుపుకి లోపల పడుకున్నవాళ్లు లేచొచ్చారు, కానీ మామయ్య అడిగినదానికి మాత్రం ఆ రాత్రి నా దగ్గర సరైన జవాబు లేదు. ఏదో గొణిగి ఊరుకున్నాను.

తర్వాత కూర్చుని చదువుకుంటే తెలిసింది, ఆ అక్షరం, ఆ అంకె (రెండూ కలిపి 'క్లాస్' అంటారు, ఎవరు ఎవరితో పోటీపడాలో చెప్పేది అదే) చదవడం వస్తే సగం ఆట అర్థమైపోతుందని. అవి ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టిన కోడ్‌లు కావు. ఒక్కో అంకె వెనకా ఒక ఆసుపత్రి వార్డో, ఒక పాత సంఘమో, ఒక మోసమో ఉంది. అందుకే ఈ గైడ్‌లో చరిత్ర వేరే, చదివే పద్ధతి వేరే అని విడగొట్టడం కుదర్లేదు, రెండూ కలిపే చెప్తాను.

ముందు అది ఏ పోటీయో తేల్చుకోండి

మన పేపర్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అన్నిటికీ కలిపి "దివ్యాంగుల ఒలింపిక్స్" అని రాసేస్తారు. నిజానికి తలుపులు మూడు, ఒక తలుపులోంచి వెళ్లాల్సినవాళ్లు ఇంకో తలుపు కొడితే చాలావరకు తెరుచుకోదు.

అన్నిటికంటే పాతది బధిరుల పోటీ. 1924 ఆగస్టులో, పారిస్‌లోనే, యూజీన్ రూబెన్స్ అల్కే అనే వినికిడి లేని ఫ్రెంచ్ వ్యక్తి పూనుకుని పెట్టిన "ఇంటర్నేషనల్ సైలెంట్ గేమ్స్"కి తొమ్మిది దేశాల నుంచి 148 మంది వచ్చారు. అప్పటికి పారాలింపిక్స్ అనే ఊహే లేదు. 2001 నుంచి దీన్ని డెఫ్లింపిక్స్ అంటున్నారు. ఇందులో టీ20 లాంటి క్లాసులేవీ ఉండవు. బాగా వినిపించే చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, పోటీలోకి దిగేముందు హియరింగ్ ఎయిడ్ తీసి పక్కన పెట్టాలి, అంతే. పరుగు పందెం తుపాకీ చప్పుడుతో కాదు, లైటు వెలుగుతో మొదలవుతుంది. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022 మేలో బ్రెజిల్‌లో, మళ్లీ 2025 నవంబర్‌లో టోక్యోలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచింది ఈ పోటీల్లోనే. అతన్ని "పారాలింపియన్" అని రాశారంటే ఆ రాసినాయన చూసుకోలేదన్నమాట. వినికిడి లోపం పారాలింపిక్స్ అర్హత జాబితాలోనే లేదు.

రెండోది స్పెషల్ ఒలింపిక్స్. 1968 జూలైలో షికాగోలో మొదలైంది, మొదలుపెట్టింది అమెరికా అధ్యక్షుడు కెనడీ చెల్లెలు యూనిస్ కెనడీ ష్రైవర్. ఇది మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం. ఆటగాళ్లని ముందు ఒకసారి పరిగెత్తించి, దాదాపు ఒకే వేగం ఉన్నవాళ్లని ఒక గుంపుగా చేసి ఫైనల్ పెడతారు. ఇక్కడ దేశాల పతకాల పట్టిక వెతక్కండి, అది ఈ పోటీ తీరు కాదు.

మూడోది పారాలింపిక్స్. అక్షరాలు, అంకెల గొడవంతా దీనిలోనే.

వార్డులోంచి వచ్చిన ఆట

ఇంగ్లండ్‌లో ఎయిల్స్‌బరీ దగ్గర స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి. 1944లో అక్కడ వెన్నుపాము గాయాల కేంద్రం తెరిచి, లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టర్ చేతికిచ్చారు. నాజీల నుంచి తప్పించుకుని 1939లో జర్మనీ వదిలి వచ్చిన యూదుడాయన. అప్పట్లో వెన్ను విరిగిన సైనికుడంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే, పుండ్లు పడో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చో పోయేవాళ్లు. ఈయన వచ్చి రెండు గంటలకోసారి, అర్ధరాత్రైనా సరే, ప్రతి రోగినీ అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. బతకడం మొదలైంది. బతికినవాళ్లకి పొద్దు పోవాలి కదా? ఊతకర్రలతో, చక్రాల కుర్చీల్లో కూర్చునే పోలో లాంటి ఆట ఒకటి వాళ్లే మొదలుపెట్టారు, అది మరీ మోటుగా తయారై దెబ్బలు తగిలేసరికి మాన్పించి వేరే ఆటలు పెట్టారు.

1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఆసుపత్రి పచ్చిక మీద విలువిద్య పోటీ పెట్టాడు గట్‌మన్. పద్నాలుగు మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, అందరూ వీల్‌చైర్లలోనే. రిచ్‌మండ్ నుంచి వచ్చిన స్టార్ అండ్ గార్టర్ అనే మాజీ సైనికుల హోం జట్టు ఇంటివాళ్లని ఓడించి కప్పు పట్టుకెళ్లింది. 1952లో నెదర్లాండ్స్ మాజీ సైనికులు కూడా రావడంతో అది అంతర్జాతీయం అయింది. 1960లో రోమ్‌కి వెళ్లింది, 23 దేశాలు, 400 మంది. దాన్నే తర్వాత లెక్కల్లో మొదటి పారాలింపిక్స్ అన్నారు. అక్కడ ఆటగాళ్లకిచ్చిన ఇళ్లకి మెట్లున్నాయి! ఇటలీ సైనికులు వీల్‌చైర్లని మనుషులతో సహా ఎత్తి పైకి మోసుకెళ్లారు.

మనకి కావాల్సిన విషయం ఇది: రోమ్ దాకా వచ్చినవాళ్లంతా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లే. కాబట్టి విభజన కూడా డాక్టరు చేసినట్టే ఉండేది, వెన్ను ఎక్కడ తెగింది, మెడ దగ్గరా, నడుం దగ్గరా అని. "పారా" అన్న ముక్క కూడా మొదట్లో పారాప్లీజియా (నడుం కింద భాగం చచ్చుబడటం) నుంచి తీసుకున్నదే, ఒలింపిక్స్ "పక్కనే" జరిగేవి అనే అర్థం తర్వాత చెప్పుకున్నారు.

మన మురళీకాంత్ పేట్కర్ కూడా ఆ కాలం మనిషే. సికింద్రాబాద్‌లో సైన్యపు ఇంజినీరింగ్ విభాగం ఈఎంఈలో బాక్సర్, 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుం కింద కదలిక పోయింది, 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈత 37.33 సెకన్లలో పూర్తిచేసి స్వర్ణం తెచ్చాడు. దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం. పద్మశ్రీ ఇచ్చింది మాత్రం 2018లో. నలభై ఆరేళ్లు ఏం చేశారో మరి.

అక్షరం చూడండి, తర్వాత పదుల స్థానం

1976లో టొరంటోలో చూపు లేనివాళ్లు, కాళ్లో చేతులో కోల్పోయినవాళ్లు వచ్చి చేరారు. 1980లో, మాస్కో మాకొద్దంటే నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో పెట్టిన పోటీలకి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పడం) ఉన్నవాళ్లు వచ్చారు. ఒక్కో బృందానికి ఒక్కో అంతర్జాతీయ సంఘం, ఒక్కో సంఘానికి సొంత లెక్క. చూపు లేనివాళ్లది బీ1, బీ2, బీ3. సెరిబ్రల్ పాల్సీ వాళ్లది 1 నుంచి 8. ఇవన్నీ ఒకే గొడుగు కిందకి రావడం 1989లో, డ్యుసెల్‌డార్ఫ్‌లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ పుట్టాకే. అథ్లెటిక్స్‌లో ఆ పాత లెక్కలన్నిటినీ పక్కపక్కన పెట్టి, తలా ఒక పదుల వీధి ఇచ్చారు. బీ1 కాస్తా 11 అయింది, సెరిబ్రల్ పాల్సీ వాళ్ల 8 కాస్తా 38 అయింది. ఈ సంగతి ఒక్కటి గుర్తుంటే మిగతాది బట్టీ పట్టక్కర్లేదు.

అక్షరం సులువు. టీ అంటే పరుగులు, దూకడాలు. ఎఫ్ అంటే విసిరేవి: జావెలిన్, డిస్కస్, షాట్‌పుట్, క్లబ్ (చిన్న చెక్క గద లాంటిది).

పది వీధి చూపు. ఇరవై మేధోపరమైనది. ముప్పై కండరాల మీద అదుపు సరిగా లేనివాళ్లది, ఇందులో 31 నుంచి 34 దాకా కూర్చుని, 35 నుంచి 38 దాకా నిలబడి పోటీపడతారు. నలభైలో 40, 41 ఎత్తు తక్కువవాళ్లు, 42 నుంచి 44 కాలి సమస్య, 45 నుంచి 47 చేతి సమస్య. యాభై వీల్‌చైర్ లేదా కూర్చుని విసిరేవాళ్లు, అంటే స్టోక్ మాండెవిల్ పాత కుటుంబం ఇదే. అరవై కొత్త వీధి, 2018లో వేశారు, కృత్రిమ కాలు పెట్టుకుని ఆడేవాళ్లకి.

ఇక చివరి అంకె. వీధి లోపల అంకె చిన్నదైతే ఇబ్బంది ఎక్కువ అని మామూలు సూత్రం. టీ11 అంటే చూపు దాదాపు లేనట్టే, టీ13 అంటే కొంత ఉంది. ఎఫ్40 వాళ్లు ఎఫ్41 వాళ్లకంటే పొట్టి. మన అనకాపల్లి జిల్లా రొంగలి రవి పారిస్‌లో ఎఫ్40 షాట్‌పుట్‌లో ఐదో స్థానంలో నిలిచాడు, జావెలిన్ స్వర్ణం తెచ్చిన నవదీప్ సింగ్ ఎఫ్41. పక్కపక్క అంకెలే గానీ పారిస్‌లో వాళ్లిద్దరివీ వేర్వేరు ఫైనళ్లు.

ఈ సూత్రాన్ని వీధి దాటించకండి. "64 కంటే 46 చిన్నది కాబట్టి అతనికి ఎక్కువ కష్టం" అని ఎవరో రాస్తే చదివాను. 46 చేతి వీధి, 64 కాలి వీధి, పోలికే లేదు. పైగా అథ్లెటిక్స్ అంకెలు అథ్లెటిక్స్‌కే. ఈతలో ఎస్1 నుంచి ఎస్10 శరీరానికి, 11 నుంచి 13 చూపుకి, 14 మేధస్సుకి. బ్యాడ్మింటన్‌ది ఇంకో లెక్క, రోయింగ్‌ది ఇంకోటి. పవర్‌లిఫ్టింగ్‌లో అసలు వైకల్యం క్లాసులే ఉండవు, శరీర బరువు చూసి విడగొడతారు. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో అయితే ఒక్కో ఆటగాడికీ 1 నుంచి 4.5 దాకా పాయింట్లుంటాయి, కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపితే 14 దాటకూడదు. కోచ్ ఒకరిని మార్చేటప్పుడు చేతివేళ్ల మీద లెక్కేసుకుంటున్నట్టు కనిపిస్తే కారణం అదే.

పాత బీ1, బీ2, బీ3 పూర్తిగా పోలేదు, అంధుల క్రికెట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. బంతిలో గలగలలాడే బేరింగులుంటాయి, దాన్ని నేల మీద దొర్లించినట్టు వేస్తారు. బీ1 బ్యాటర్ కొట్టిన పరుగులు రెండింతలు. స్కోర్‌కార్డులో లెక్క తేడాగా ఉందని కంగారుపడకండి. మన ఆంధ్ర కుర్రాడు అజయ్ కుమార్ రెడ్డి కెప్టెన్సీలో భారత్ 2017లో టీ20 ప్రపంచకప్, 2018లో వన్డే ప్రపంచకప్ గెలిచింది. అక్కడ మాత్రం టీ20 అంటే క్రికెట్టే లెండి.

మామయ్యకి ఇవ్వాల్సిన జవాబు

దీప్తిది ఇరవై వీధి, అంటే మేధోపరమైన వైకల్యం. ఆ వీధి కథ ఇది. 2000లో సిడ్నీ. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచింది. జట్టులో ఉన్న కార్లోస్ రిబగోర్దా అనే అతను జర్నలిస్టు, ఇంటికెళ్లి రాసేశాడు: మాకెవరికీ పరీక్షలే చేయలేదు, నాకు ఏ లోపమూ లేదు అని. విచారిస్తే పన్నెండు మందిలో పదిమందికి ఏమీ లేదని తేలింది. పతకాలు వెనక్కి తీసుకున్నారు, అక్కడితో ఆగలేదు, ఆ వర్గం మొత్తాన్నీ బయటికి పంపేశారు. ఏథెన్స్‌లో లేరు, బీజింగ్‌లో లేరు. ఆ పదిమంది చేసినదానికి ప్రపంచంలో ఉన్న నిజమైన ఆటగాళ్లంతా పన్నెండేళ్లు ఇంట్లో కూర్చున్నారు. 2012 లండన్‌లో మళ్లీ రానిచ్చారు, అదీ కొత్త పరీక్షలు పెట్టాక. ఐక్యూ 75 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉండాలి, అది చిన్నప్పటినుంచే ఉన్నట్టు ఆధారం ఉండాలి, దానిమీద ఆ ఇబ్బంది ఆటని ఎలా దెబ్బతీస్తుందో వేరే పరీక్ష.

పరుగులో ఎలా దెబ్బతీస్తుంది? 400 మీటర్లు అంటే ఒంట్లో ఉన్న శక్తిని మొదటి రెండొందలకి ఎంత ఖర్చుపెట్టాలి, చివరి వందకి ఎంత దాచుకోవాలి అని పరిగెడుతూనే లెక్కేసుకోవడం. కండకి ఏ లోటూ లేదు, ఆ లెక్కలోనే తేడా వస్తుంది. పారిస్‌లో ఈ వర్గానికి 400, 1500 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ మాత్రమే పెట్టారు.

కాబట్టి దీప్తి రేసు మళ్లీ చూస్తే కాళ్లు చూడకండి, ఆఖరి వంద మీటర్లు చూడండి. ముగ్గురూ సెకను తేడాలోపే వచ్చారు, ఉక్రెయిన్ అమ్మాయి 55.16, టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 55.23, దీప్తి 55.82. అంతకు మూడు నెలల ముందే మేలో జపాన్‌లోని కోబెలో దీప్తి 55.07తో ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ హీట్స్‌లో ఓండర్ 54.96తో దాన్ని తుడిచేసింది. ఈ సంగతులు తెలిసి చూస్తుంటే టెన్షన్ వేరే లెవెల్లో ఉంటుంది, "పాపం ఆ పిల్ల" అనే మాట నోట్లోకే రాదు.

ఫలితం వచ్చాక కూడా కాసేపు ఆగండి

పేరు పక్కన ఉన్న క్లాస్, ఈవెంట్ పేరులో ఉన్న క్లాస్ ఒకటే కానక్కర్లేదు. సరిపడా మంది లేకపోతే దగ్గరి క్లాసులని కలిపేస్తారు. సుమిత్ అంతిల్ స్వర్ణం గెలిచిన ఎఫ్64 జావెలిన్‌లోనే సందీప్ చౌదరి ఎఫ్44గా విసిరాడు, టోక్యో పారాలింపిక్స్‌లో నాలుగో స్థానం, పారిస్‌లోనూ నాలుగే. కలపకపోతే ఇంకా ఘోరం, ఈవెంటే ఎత్తేస్తారు. దేవేంద్ర ఝఝారియా 2004 ఏథెన్స్‌లో స్వర్ణం గెలిచాడు, 2008లో, 2012లో అతని క్లాసుకి జావెలిన్ పెట్టనే లేదు, 2016 రియోలో వచ్చి 63.97 మీటర్లతో ప్రపంచ రికార్డు కొట్టి మళ్లీ స్వర్ణం. "మధ్యలో ఫామ్ పోయిందేమో" అని అనుకునేవాళ్లకి ఇది చెప్పండి.

ఇంకోటి. టోక్యోలో వినోద్ కుమార్ ఎఫ్52 డిస్కస్‌లో 19.91 మీటర్లు విసిరి కాంస్యం గెలిచాడు, ఊళ్లో స్వీట్లు పంచారు. మర్నాడే అతని క్లాస్ తేల్చలేకపోతున్నామని ఫలితం రద్దు. ప్రత్యర్థులు అభ్యంతరం చెప్పచ్చు, పోటీలో అతను కదిలిన తీరు చూసి కూడా క్లాస్ మార్చచ్చు. కాబట్టి స్టేటస్ పెట్టేముందు ఓ పూట ఆగితే పోయేదేం లేదు. ఉల్టాగా మంచీ జరుగుతుంది: పారిస్‌లో నవదీప్ 47.32 మీటర్లతో రెండో స్థానంలో ఉంటే, ముందున్న ఇరాన్ ఆటగాడు నిబంధనలకి విరుద్ధమైన జెండా చూపించి అనర్హుడయ్యాడు, వెండి బంగారమైంది.

చూపు లేనివాళ్ల పరుగులో మీ కళ్లు తాడు మీద పెట్టండి. ఆటగాడి చేతికీ, దారి చూపుతూ పక్కనే పరిగెత్తే గైడ్ చేతికీ మధ్య చిన్న తాడు ఉంటుంది, గైడ్ ముందు లైన్ దాటకూడదు, తాడు వదలకూడదు. పారిస్ చివరి రోజు స్పెయిన్ మారథాన్ రన్నర్ ఎలెనా కోంగోస్ట్ మూడో స్థానంలో వస్తోంది, లైన్ ఇంకో రెండు మీటర్లలో ఉందనగా గైడ్ కాళ్లు మెలికపడి తూలాడు, ఈమె తాడు వదిలి అతన్ని పట్టుకుంది. మళ్లీ తాడు అందుకుని దాటింది. నాలుగో స్థానంలో ఉన్న జపాన్ రన్నర్ ఎక్కడో వెనకుంది. అయినా కాంస్యం తీసేశారు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ రూలు రూలే.

మీ ఇంట్లోనే ఎవరైనా ఉంటే

నాకు తెలిసిన ఒక కుటుంబం వినికిడి లేని తమ పిల్లాడిని రెండొందల కిలోమీటర్లు తీసుకెళ్లి పారా సెలక్షన్స్‌లో నిలబెట్టింది. అక్కడ చెప్పింది ఒకటే మాట, ఇది మీ పోటీ కాదు, బధిరుల క్రీడా సంఘానికి వెళ్లండి అని. తండ్రి ఆ రోజు కూలి కూడా పోగొట్టుకున్నాడు. అందుకే పైన మూడు తలుపుల సంగతి అంత సాగదీశాను.

యూడీఐడీ కార్డు (దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) తీయించండి, అది లేకపోతే దేశంలో ఏ పని కాదు. కానీ కార్డు మీదున్న శాతానికీ ఆటలో వచ్చే క్లాసుకీ సంబంధం లేదు. మన చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తిస్తుంది, పారాలింపిక్స్ పదింటినే. కార్డులో 80 శాతం ఉన్నా ఆ పదింట్లో లేకపోతే బయటే. మొదట జాతీయ స్థాయిలో క్లాస్ ఇస్తారు, అంతర్జాతీయ పోటీకి వెళ్తే అక్కడ మళ్లీ మొదటినుంచీ చూస్తారు, మన కాగితం అక్కడ చెల్లదు. పేరు పక్కన ఎన్ ఉంటే కొత్త, ఆర్ ఉంటే మళ్లీ పరీక్షించాలి, సీ ఉంటే ఖాయం.

క్లాసిఫికేషన్‌కి, అంటే క్లాస్ తేల్చే పరీక్షకి, వెళ్లే రోజు ఆటలో వాడేవన్నీ పట్టుకెళ్లాలి: పెట్టుకునే కాలు, పట్టీలు, బూట్లు, కుర్చీ. పాత ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు ఒక ఫైల్లో వరసగా పెట్టండి. తోడుగా ఒక మనిషిని రానిస్తారు, భాష తెలిసినవాళ్లని తీసుకెళ్లండి. పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి, వచ్చింది వచ్చినట్టు చేసి చూపించు, చేతనైంది కాదనొద్దు అని. "కొంచెం తక్కువ చేసి చూపించు, సులువు క్లాస్ వస్తుంది" అని పక్కనుంచి చెవిలో ఊదే పెద్దమనుషులు ప్రతి మైదానంలోనూ ఉంటారు. క్లాసిఫయర్లు ఆ గదిలోనే కాదు, వార్మప్‌లోనూ, మొదటి పోటీలోనూ చూస్తూనే ఉంటారు, దొరికితే నిషేధం పడేది ఆ పెద్దమనిషికి కాదు, పిల్లాడికి.